బూడిదలో పుట్టి వంద మీటర్లు పెరిగే చెట్టు

నమస్తే అండి. నేను మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఒక్క పది సెకన్లు ఈ చప్పుడు వినండి.

విన్నారా? ఎండిన తాటాకులు గాలికి ఒకదానికొకటి కొట్టుకున్నట్టు లేదూ? అవి ఆకులు కావండి, బెరడు. కెమెరా పైకెత్తుతున్నాను, చూడండి. ఇంకా పైకి. ఇంకా ఉంది. ఆ కొమ్మల్లోంచి పేలికలు పేలికలుగా వేలాడుతోంది కదా, అదీ బెరడే. ఈ మౌంటెన్ యాష్ చెట్టు ఏటా పాత బెరడు అలా ఒలిచి పడేస్తుంది. కింద మొదలు దగ్గర మాత్రం గరుకుగా, పీచుపీచుగా ఉంటుంది, మనిషికి మేజోడు తొడిగినట్టు. ఆ పైనంతా నున్నగా, తెల్లగా. వాన వెలిశాక వచ్చి చూస్తే సున్నం కొట్టిన స్తంభాల్లా మెరుస్తుంటాయి ఈ మానులు.

నేనిప్పుడు మెల్‌బోర్న్‌కి ఈశాన్యంగా, హీల్స్‌విల్ ఊరు దాటాక వచ్చే బ్లాక్ స్పర్ అనే ఘాట్ రోడ్డు దగ్గరున్నాను. మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లు చాలామంది శనాదివారాల్లో ఈ దారిన వచ్చే ఉంటారు. కారు పక్కకి ఆపి ఫొటోలు దిగి ఉంటారు. నేనూ అంతే, చాలాసార్లు వచ్చాను, ఈ చెట్టేమిటని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచింపజేసింది మా నాన్న.

మాది ఖమ్మం జిల్లా, సత్తుపల్లి వైపు. మా నాన్న నాలుగెకరాల్లో జామాయిల్ వేస్తాడు. నాలుగో ఏడు కొట్టించి లారీకెత్తితే పేపర్ మిల్లుకి పోతుంది, ఆ మోళ్ల నుంచి మళ్లీ పిలకలొస్తాయి, మళ్లీ నాలుగేళ్లకి కోత. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఈ రోడ్డుకే తీసుకొచ్చాను. కారు దిగి కింద పడ్డ ఆకు ఒకటి తీసుకుని, అరచేతిలో నలిపి, వాసన చూశాడు.

"ఏరా, ఇది జామాయిలే కదరా?"

"అదే జాతి నాన్నా, రకం వేరు."

తల వెనక్కి వాల్చి చాలాసేపు పైకి చూశాడు. "మరి ఇంత మాను ఎట్లయింది? ఎవరూ కొట్టలేదా?"

ఆ రెండో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. అప్పట్నుంచి ఈ చెట్టు గురించి చదువుతూ, వీలైనప్పుడల్లా ఈ కొండల్లో తిరుగుతూ ఉన్నాను. ఇవాళ్టి వీడియో నాన్న ప్రశ్నకి నా జవాబు.

యూకలిప్టస్‌లో ఏడు వందలకు పైగా రకాలున్నాయి. దాదాపు అన్నిటికీ పుట్టిల్లు ఆస్ట్రేలియానే. మన పొలాల్లో జామాయిల్, ఊటీలో నూనె తీసే నీలగిరి చెట్టు, ఇదిగో ఈ చెట్టు, అన్నీ దాయాదులు. దీన్ని మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మౌంటెన్ యాష్ అంటారు, దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో స్వాంప్ గమ్ అంటారు. శాస్త్రీయ నామం యూకలిప్టస్ రెగ్నాన్స్. 1871లో ఫెర్డినాండ్ వాన్ మ్యుల్లర్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టాడు ఆ పేరు. విక్టోరియా ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త ఆయన, మెల్‌బోర్న్ బొటానిక్ గార్డెన్స్‌కి అధిపతిగా కూడా ఉన్నారు. రెగ్నాన్స్ అంటే లాటిన్‌లో 'ఏలుతున్నది' అని. చూసినవాడెవడైనా అదే పేరు పెడతాడు.

యాష్ అనగానే బూడిద అనుకుంటాం కదా, అది కాదు. యూరప్‌లో యాష్ అనే చెట్టుంది. దాని కలపలా ఉందని తెల్లవాళ్లు దీనికీ ఆ పేరు తగిలించారు. కానీ ఈ చెట్టు పుట్టుక తెలిశాక, బూడిద అన్న అర్థమే దీనికి సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది. ఆ సంగతికి వస్తాను.

ముందు ఎత్తు సంగతి. మన దగ్గర బాగా పొడుగున్న మనిషిని తాడిచెట్టంత ఉన్నాడంటాం. బాగా ఎదిగిన తాడిచెట్టు ఇరవై, ఇరవై ఐదు మీటర్లు అనుకోండి. నాలుగు తాడిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే టాస్మేనియాలో సెంచూరియన్ అనే ఒక్క మౌంటెన్ యాష్. 2008లో విమానం నుంచి లేజర్ కిరణాలతో అడవిని కొలుస్తుంటే బయటపడింది. ఆ తర్వాత మళ్లీ కొలిస్తే 100.5 మీటర్లు తేలింది. పూలు పూసే చెట్లలో దీనికి దీటుగా నిలిచేది మలేషియాలోని సబా అడవుల్లో ఉన్న ఒక మెరంటీ చెట్టే. అది కూడా వంద మీటర్ల పైచిలుకే. 2019లో మంటలొచ్చి సెంచూరియన్ మొదలు కాలింది, అయినా చెట్టు బతికే ఉంది.

పూర్వం ఇంతకంటే పెద్దవి ఉండేవంటారు. నేనిప్పుడు నిలబడ్డ చోటుకి దగ్గర్లోనే, వాట్స్ నది పక్కన, 1872లో విలియం ఫెర్గూసన్ అనే అటవీ అధికారి కింద పడి ఉన్న ఒక మానుని 435 అడుగులని రాశాడు. అంటే 132 మీటర్లు. ఆ లెక్కని నమ్మేవాళ్లున్నారు, నమ్మనివాళ్లున్నారు. నమ్మదగినది థార్ప్‌డేల్ అనే ఊళ్లో కొట్టేసిన చెట్టు. జార్జ్ కార్న్‌త్వెయిట్ అనే సర్వేయర్ కొలిచి 375 అడుగులని తేల్చాడు, 114 మీటర్లు. కొలిచినవాడు సర్వేయరు కాబట్టి నేనూ నమ్ముతాను. 1888లో మెల్‌బోర్న్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగినప్పుడు, 400 అడుగులు దాటిన చెట్టుని చూపిస్తే బహుమతి ఇస్తామని ప్రకటించారు. ఎవరికీ దొరకలేదు. నాకు బాధనిపించేదేమిటంటే, అప్పటికి యాభై ఏళ్లుగా ఈ కొండల్లో గొడ్డళ్లు ఆడుతూనే ఉన్నాయి. మొదలు మరీ లావుగా ఉంటుందని మానుకి గంట్లు పెట్టి, వాటిలో పలకలు దూర్చి, నేలకి మూడు నాలుగు నిలువుల ఎత్తున ఆ పలకల మీద నిలబడి నరికేవాళ్లు. ఆ గంట్లు ఉన్న పాత మోళ్లు ఇప్పటికీ అడవిలో కనిపిస్తాయి.

ఇంతకీ ఈ చెట్టు ఎక్కడపడితే అక్కడ పెరగదు. విక్టోరియాలో డాండెనాంగ్ కొండలు, ఈ యారా కొండలు, గిప్స్‌లాండ్, దక్షిణంగా సముద్రం పక్కన ఆట్వే కొండలు. టాస్మేనియాలో స్టిక్స్, హ్యూయాన్, డెర్వెంట్ లోయలు. ముఖ్యంగా ఇక్కడే. లోతైన మట్టి కావాలి, చల్లదనం కావాలి, ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల వాన కావాలి. మా ఖమ్మంలోనూ వెయ్యి దాకా పడుతుంది. కానీ అక్కడ ఆ నాలుగు నెలల్లోనే కురిసి పోతుంది, ఇక్కడ ఏడాది పొడవునా జల్లు ఉంటుంది. చలికాలంలో పై కొండల మీద మంచు పడుతుంది.

కిందకి దిగుదాం, జాగ్రత్త, నేల జారుతోంది. ఇదిగో, ఈ గొడుగుల్లాంటివి చూశారా? ఫెర్న్ చెట్లు. మన ఇళ్లల్లో కుండీల్లో పెంచే ఫెర్న్ ఇక్కడ మనిషిని మించి మానుకట్టి పెరుగుతుంది. దీని మాను ముట్టుకుంటే తడి కొబ్బరి పీచు పట్టుకున్నట్టుంటుంది. దీనికీ ఆ పైనున్న కొమ్మలకీ మధ్య ఇంకో అంతస్తు, వాటిల్ చెట్లు. వాటిల్ అంటే అకేషియా, మన తుమ్మకి చుట్టం. ముళ్లు లేని తుమ్మ అనుకోండి. ఈ మూడంతస్తుల్లో దేని బతుకు దానిదే. నేల మీద లైర్‌బర్డ్ తిరుగుతుంటుంది, కాళ్లతో ఆకులు గీరుతూ పురుగులేరుకుంటుంది, అచ్చం మన పెరట్లో కోడిలా. కానీ గొంతు విప్పిందంటే అడవిలోని పక్షులన్నీ వరసగా పలికినట్టుంటుంది, ఒకదాని తర్వాత ఒకటి అన్నిటి కూతా అనుకరిస్తుంది. చలికాలం పొద్దున్నే డాండెనాంగ్‌లోని షెర్‌బ్రూక్ అడవికి వెళితే వినొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లండి, తప్పకుండా.

ఈ కొండలు ఇక్కడి ఆదివాసులైన వురుంజెరి ప్రజలవి. దాటితే అవతల వైపు టాంగురుంగ్ ప్రజల నేల. వేల ఏళ్లుగా వాళ్లు చూసిన అడవిని మనం నిన్నమొన్న చూస్తున్నాం.

ఇప్పుడు బూడిద సంగతి.

ఇందాక చెప్పాను కదా, మా నాన్న జామాయిల్ కొడితే మోడు నుంచి పిలకలొస్తాయని. యూకలిప్టస్ రకాల్లో చాలావాటికి ఆ గుణం ఉంది. మంటొచ్చి నల్లగా మాడిపోయినా, మూడు నెలల్లో మాను పొడుగునా పచ్చగా చిగుళ్లు తొడుగుతాయి. మౌంటెన్ యాష్‌కి ఆ శక్తి లేదండి. బెరడు పల్చన. పెద్ద మంటొస్తే చచ్చిపోతుంది. నాలుగు వందల ఏళ్ల చెట్టైనా సరే, ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

మరి వంశం ఎలా నిలుస్తోంది? కాయల వల్ల. నిన్నటి గాలికి పడ్డ రెమ్మ ఒకటి ఇక్కడుంది, దగ్గరగా చూపిస్తాను. ఫోకస్ అవనివ్వండి... ఆఁ. ఇదిగో కాయ. మిరియం గింజ కంటే కాస్త పెద్దది, అడుగున కాడ, చిన్న గరాటులా ఉంది. గోరుతో నొక్కితే చెక్కలా గట్టిగా తగులుతోంది. మూతి దగ్గర సన్నగా మూడు చీలికలున్నాయి చూడండి. విత్తనాలు లోపల, ఆవగింజంతేసి. చెట్టు వీటిని చిటారు కొమ్మల్లో దాచుకుంటుంది. మంట కింద నుంచి పైకెక్కి ఆకుల్ని మాడ్చేస్తుంది, చెట్టు చస్తుంది, కానీ ఈ చెక్క కాయ లోపలున్న గింజని కొద్దిసేపు కాపాడుతుంది. మంట దాటిపోయాక కాయలు ఎండి, చీలికలు విచ్చుకుని, గింజలన్నీ ఒక్కసారిగా కింద రాలతాయి. ఎక్కడ రాలతాయి? వెచ్చటి బూడిదలో. పైన నీడ లేదు, నేలలో బూజు లేదు, కాలిన అడవి ఎరువంతా ఆ బూడిదలోనే ఉంది. మన ఆదివాసులు పోడు కొట్టి కాల్చిన నేలలో గింజలు చల్లేది కూడా ఆ బలం కోసమే కదా.

ఆ తర్వాత వానకి మొలకెత్తుతాయి. ఎన్నంటే, హెక్టారుకి పాతిక లక్షల మొలకల దాకా రావచ్చు. నారుమడి కంటే ఒత్తుగా. అక్కడ్నుంచి వెలుతురు కోసం పోటీ. ఓడినవి నీడలో చచ్చిపోతాయి. నూట యాభై ఏళ్లు దాటేసరికి అదే హెక్టారులో ముప్పయ్యో నలభయ్యో మిగులుతాయి. ఆ మిగిలినవే ఈ ఏలికలు. నీడలో దీని మొలక బతకదు కాబట్టి, నాలుగైదు వందల ఏళ్లు అసలు మంటే రాకపోయినా ఈ అడవి పోతుంది, కింద నీడలో పెరిగే మర్టిల్ బీచ్ చెట్లు దాని చోటుని ఆక్రమిస్తాయి.

అంటే దీనికి మంట కావాలి. కానీ ఎప్పుడు కావాలన్నదే ప్రాణం. మొలిచిన మొక్క కాయ పట్టాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు కావాలి. ఈలోపు ఇంకో మంటొచ్చిందా, ఉన్న చెట్లు చస్తాయి, రాలడానికి గింజ ఉండదు. ఆ కొండ వాటిల్ చెట్ల పాలవుతుంది. అక్కడ మళ్లీ మౌంటెన్ యాష్ కావాలంటే మనుషులు హెలికాప్టర్లలో విత్తనం తెచ్చి చల్లాలి. చల్లుతున్నారు కూడా.

1939 జనవరి 13, బ్లాక్ ఫ్రైడే అంటారు. విక్టోరియాలో ఆ మంటల్లో 71 మంది పోయారు. ఈ కొండల్లోని అడవిలో చాలా భాగం ఆ రోజు కాలిపోయింది. మీరిప్పుడు ఈ ప్రాంతంలో చూసే నిటారు మానుల్లో చాలావరకు ఆ బూడిదలో మొలిచినవే. అంటే ఎనభై దాటిన చెట్లు. మనకి వయసు మీరినట్టు కనిపిస్తాయి గానీ, నాలుగొందల ఏళ్లు బతికే చెట్టుకి అది పడుచు వయసు.

తర్వాత 2009 ఫిబ్రవరి 7, బ్లాక్ సాటర్‌డే. మెల్‌బోర్న్‌లో ఆ రోజు 46.4 డిగ్రీలు. 173 మంది చనిపోయారు. ఇందాక విన్నారే, ఆ వేలాడే బెరడు, అది అంటుకుంటే గాలి ఎత్తుకుపోయి ఇరవై కిలోమీటర్ల అవతల కూడా కొత్త మంట పెడుతుంది. ఈ ఘాట్ దిగితే వచ్చే మేరీస్‌విల్ ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. ఇప్పుడు మళ్లీ కట్టుకున్నారు. అక్కడి బేకరీలో టీ తాగుతూ కూర్చుంటే, ఎదురుగా కొండ మీద తెల్లటి ఎండు మానులు వేలకు వేలు పుల్లల్లా నిలబడి కనిపిస్తాయి. నేను మొదటిసారి వాటిని చూసి ఇదేం చెట్టో అనుకున్నాను. అవి చచ్చిన మౌంటెన్ యాష్‌లని తెలిశాక ఆ టీ మింగుడుపడలేదు. ఆనాటి మంటల్లోనే కింగ్‌లేక్ దగ్గర వాలబీ క్రీక్‌లో మూడు వందల ఏళ్ల నాటి తోపు పోయింది. తొంభై మీటర్లు దాటినవి ఉండేవి అందులో.

ఇక్కడ నాన్న అడిగిన ఇంకో మాట చెప్పాలి. "మరి ఇంత పెద్ద చెట్లు భూమిలో నీళ్లన్నీ తాగెయ్యవా?" అన్నాడు. మన దగ్గర జామాయిల్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే కదా. దానికి ఇక్కడ దొరికిన జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. మెల్‌బోర్న్ తాగునీళ్లలో ఎక్కువ భాగం వచ్చేది ఈ కొండల్లోంచే. లక్షన్నర హెక్టార్లకు పైగా అడవిని మనుషులెవర్నీ అడుగుపెట్టనీయకుండా నీళ్ల కోసమే కాపాడుతున్నారు. 1939 మంట తర్వాత ఏళ్ల తరబడి వాగుల్లో నీళ్లు కొలుస్తూ వచ్చారు. ఆ లెక్కలతో జార్జ్ కుజెరా అనే ఇంజనీరు 1980ల్లో ఒక గీత గీశాడు. కాలిన చోట కొత్త అడవి ఒత్తుగా లేచి, పాతికేళ్ల వయసుకి వచ్చేసరికి వాగుల్లోకి వచ్చే నీళ్లు సగానికి పడిపోతాయట. మళ్లీ మునుపటిలా నీళ్లు రావాలంటే అడవికి నూట యాభై ఏళ్లు నిండాలట. నీళ్లు తాగేది పడుచు అడవి. ముసలి అడవి నీళ్లు వదులుతుంది.

నాన్నకి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. "అయితే మనం దాన్ని ఎప్పుడూ పెద్దది కానియ్యం కదరా, నాలుగేళ్లకే కొడతాం" అన్నాడు. మా రకం వేరు, మా నేల వేరు, ఇక్కడి లెక్క అక్కడ అచ్చంగా అతకదు, నాకు తెలుసు. అయినా రైతుగా ఆయన పట్టుకున్న పాయింటు మాత్రం సరైందే. మెల్‌బోర్న్ శివార్లు టార్నీట్‌లో, క్రెయిగీబర్న్‌లో మన ఇళ్లల్లో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీళ్లలో ఈ చెట్ల వయసు కూడా ఉంది.

వయసు గురించే ఇంకొక్కటి చెప్పాలి. లెడ్‌బీటర్స్ పోసమ్ అని ఒక చిన్న జంతువుంది. మన ఉడుత కంటే కొంచెం పెద్దది, పెద్ద కళ్లు, చివరికి వెడల్పయ్యే తోక. అర చేతిలో పడుతుంది. యాభై ఏళ్లపాటు ఎవరికీ కనపడకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు. 1961లో మేరీస్‌విల్ దగ్గరి అడవిలో మళ్లీ కనిపించింది. 1971లో విక్టోరియా రాష్ట్ర జంతువు అయింది. దీనికి ఇల్లు చెట్టు తొర్ర. మౌంటెన్ యాష్‌కి తొర్రలు పడాలంటే నూట ఇరవై ఏళ్లకు తక్కువ పట్టదు, మంచి తొర్రకి ఇంకా ఎక్కువ. ఇప్పుడు లెక్క వేయండి. 1939లో కాలి చచ్చిన పాత మానులు ఇన్నాళ్లూ ఎండి నిలబడే ఉన్నాయి, వాటి తొర్రల్లోనే ఇవి కాపురముంటున్నాయి. ఆ ఎండు మానులు ఇప్పుడు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. ఆనాడు మొలిచినవేమో ఇంకా తొర్ర పడే వయసుకి రాలేదు. మధ్యలో ఆ నలభై, యాభై ఏళ్లు ఈ ప్రాణి ఎక్కడుండాలి? ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ లిండెన్‌మేయర్ 1983 నుంచి ఈ అడవుల్ని గమనిస్తున్నారు. ఆయన బృందం లెక్క ప్రకారం ఈ ప్రాంతంలోని మౌంటెన్ యాష్ అడవిలో నిజంగా ముసలి అడవి అనదగ్గది నూటికి రెండు వంతులు కూడా లేదు.

మరి కొట్టడం సంగతి. ఎనభై ఏళ్లకొకసారి కోత అన్న లెక్కతో ఈ అడవుల్ని పలకలకీ కాగితం గుజ్జుకీ నరుకుతూ వచ్చారు. నూట ఇరవై ఏళ్లకి తొర్ర పడే చెట్టుని ఎనభైకి కొడితే ఇక తొర్రెక్కడిది? 2024 జనవరి 1 నుంచి విక్టోరియా ప్రభుత్వం సొంత అడవుల్లో కలప నరకడం ఆపేసింది. ఆ పని మీదే మూడు నాలుగు తరాలు బతికిన ఊళ్లున్నాయి ఈ కొండల్లో, వాళ్ల కష్టం చిన్నది కాదు, వాళ్లకి వేరే బతుకుదెరువు చూపించాల్సిందే. కానీ ఆపడం సరైన పని అనే నేను నమ్ముతున్నాను. ఒకే మాట, ఇంకా ముందు ఆపాల్సింది.

సరే, చివరగా మీకొకటి చూపించాలి. అందుకోసమే ఇవాళ మేరీస్‌విల్ దాకా వచ్చాను. ఇది 2009లో కాలిన కొండ. పైన తెల్లగా నిలబడ్డవి ఆనాటి చచ్చిన తల్లులు. వాటి చుట్టూ పచ్చగా, సన్నగా, వెదురు పొదలా ఒత్తుగా ఉన్నవి వాటి పిల్లలు. పదహారేళ్లు దాటాయి. కాయ పట్టాల్సిన వయసు ఇదే. అందుకే ప్రతి చెట్టు తల మీదా బైనాక్యులర్స్ పెట్టి వెతుకుతున్నాను. రెండు గంటల నుంచి మెడ నొప్పెడుతోంది. ఆకులు, ఆకులు, మళ్లీ ఆకులే. ఇప్పుడే ఆ రెండు ఎండు మానుల మధ్య ఉన్న చెట్టు మీద, ఎడమ వైపు పై కొమ్మలో... చూడండి, జూమ్ చేస్తున్నాను. ఆ గుత్తి కనిపిస్తోందా?

నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. అక్కడింకా తెల్లారుతోంది, పొలానికి బయల్దేరుతున్నాడు.

"కాయ పట్టిందారా?" అన్నాడు.

"ఒకదానికి పట్టింది నాన్నా."

"మిగతావాటికి?"

"ఇంకా లేదు."

"పడతయిలే. ఇంకో నాలుగేళ్లు నిప్పు పడకుంటే చాలు" అన్నాడు.